కాటా

కాశీబుగ్గ బస్టాండుకి ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
పొద్దు వాలాక దాలమ్మ వచ్చింది,
మూడు మెట్లకి మూడుసార్లు ఆగి,
ఊపిరి వెనకాల వచ్చి కలిసేదాకా
గడప పట్టుకు నిలబడి.
"సదువమ్మా, ఏటి రాసినారో."

ఇంగ్లీషులో రెండు పేజీలు.
పెదాలు కదపకుండా చదివి
ముందు మంచినీళ్లిచ్చాను.
"ఇది జబ్బు కాదంట, దాలమ్మా.
అందానికి చేయించుకునే వైద్యమంట.
డబ్బు రాదంట."

ఆవిడ నవ్వింది. బెంచీ కిర్రుమంది.
"అందమా! ఓలమ్మ,
నాకు అందం గావాలని ఎవులు సెప్పినారు ఆలకి?
సండాసుకెల్లి ఒకలి సాయం నేకుండా లెగిస్తే
అదే నాకు అందం."

ఆ ఒంటి లెక్క నాకు తెలుసు, ఫారాలు నింపింది నేనే.
నాలుగడుగుల పదకొండంగుళాలు.
ఆసుపత్రి కాటాలో ముల్లు చివరికంటా పోయి వణికితే
పిక్క బస్తాలు తూచే ఫ్యాక్టరీ కాటా ఎక్కింది,
చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి.
ముందు బస్తా, ఎనభై.
తర్వాత దాలమ్మ, నూట ఏడు.
గుమస్తా అలవాటు కొద్దీ
"తరుగెంత తియ్యమంటావు?" అన్నాడు.
అందరూ నవ్వారు.
అందరికన్నా ముందు దాలమ్మే నవ్వింది.

ఇరవై ఎనిమిదో ఏట తెల్లబట్టవుతోందని వెళ్తే
గర్భసంచి తీసేశారు.
ఆ రోజు కార్డు చక్కగా చెల్లింది:
ఒక సంతకం, రెండు ఫోటోలు, దారి ఖర్చులు కూడా.
ఆ తర్వాతే ఒళ్లు వాచినట్టు పెరిగింది.
సుగరు. మోకాళ్లు.
గురక మధ్యలో ఆగిపోయే ఊపిరి.
కూతురు లేచి కదుపుతుంది, అమ్మ ఉందా అని.

మోకాళ్లు మార్చడానికి పాలసీ ఒప్పుకుంటుంది.
శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు ఒప్పుకోడు,
ముప్పై కిలోలు తగ్గి రమ్మంటాడు.
తగ్గించే ఆపరేషనుకి ఇంకో డాక్టరు ఒప్పుకుంటాడు.
పాలసీ ఒప్పుకోదు.
"తిండి తగ్గించు" అని మాత్రం అందరూ అంటారు, ఉచితంగా,
పొద్దున గంజి తాగి, మధ్యాహ్నం డబ్బాలో చల్లన్నం తిని
పది గంటలు కూర్చున్న చోటే పిక్క కొట్టే మనిషితో.
నేనూ అన్నాను, నిరుడు దసరాకి ముందు.
నా నడుం కొలత నాకు తెలియక కాదు.

"ఏం రాయమంటావు?"

"నాలుగేళ్లు కట్టినాను.
నెలనెలా కూలిలోంచి ఇరిసినారు.
అప్పుడు నా డబ్బుకి బరువు సూణ్ణేదు.
అది రాయి."

"గౌరవనీయులైన" అని మొదలుపెట్టాను.
ఆ పక్కన ఆవిడ మాట ఇమడలేదు.
గౌరవనీయుల్ని కొట్టేశాను.

సంతకం చోట వేలిముద్ర.
జీడి నూనె తినేసిన బొటనవేలు
ఒకసారి, రెండోసారి, మూడోసారి గట్టిగా.
గీతల్లేని నల్లమచ్చ పడింది, నున్నగా,
పిక్క ఆకారంలో.
"ఒప్పుకుంతారా దీన్ని?"
"ఏమో" అన్నాను.

కాపీ తీసి నా సొరుగులో పెట్టుకున్నాను.
అక్కడ ఇంకో ఆరున్నాయి:
మందస, పూండి, వజ్రపుకొత్తూరు,
మెళియాపుట్టి టీచరమ్మది ఒకటి.
అన్నీ ఆడవాళ్ల పేర్లే.
ఎందుకు దాస్తున్నానో తెలియదు.
రబ్బరు బ్యాండు చాలడం లేదు.

దాలమ్మ ఎనిమిది రూపాయలు లెక్కపెట్టి
కొంగుముడి విప్పి
జీడిపప్పు ముక్కలు బల్ల మీద పోసింది.
"గుండ్లు డబ్బాలకెల్తాయి, ముక్కలు మనకి."

వెళ్లడానికి మళ్లీ అవే మూడు మెట్లు.
ఒకటి.
ఆగింది.
స్టేషను వైపు నుంచి ప్యాసింజరు కూత.
రెండు.